సుడోతో రాస్తోంది, నాకు మాత్రం పర్మిషన్ డినైడ్: లైనక్స్‌లో షేర్ ఫోల్డర్ గొడవ

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. ఉబుంటు లాప్‌టాప్, ఆఫీసులో సాంబా సర్వర్ (లైనక్స్ మెషీన్‌లోని ఫోల్డర్లని విండోస్ వాళ్లకి కూడా షేర్ చేసేది), అందులో డిజైన్స్ అనే షేర్. నీ యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ ఇచ్చి ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (ఏ డిస్కు, ఏ షేర్ ఎక్కడ తగిలించాలో రాసే ఫైల్) పెట్టి మౌంట్ చేశావ్, అంటే ఆ షేర్‌ని నీ లాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్‌లా తగిలించావ్. ఫోల్డర్ తెరుచుకుంటోంది, ఫైళ్లు చదవొచ్చు, కొత్తది ఏదైనా పెడదామంటే పర్మిషన్ డినైడ్. సుడో పెడితే (అంటే రూట్ అనే సర్వాధికారి యూజర్‌గా నడిపితే) మాత్రం రాస్తోంది. అదే యూజర్‌నేమ్‌తో పక్క సీట్లో విండోస్ నుంచి శుభ్రంగా సేవ్ అవుతోంది. సీహెచ్‌మాడ్ 777 (పర్మిషన్లు మార్చే కమాండ్, 777 అంటే అందరికీ అన్ని హక్కులూ) కొట్టావ్, ఎర్రర్ రాలేదు, కానీ మళ్లీ చూస్తే పర్మిషన్లు ఎక్కడివక్కడే ఉన్నాయ్. పైన ఒకాయన సర్వర్ మీద కూడా 777 కొట్టెయ్ అని సలహా ఇచ్చాడు. ఆ పని మాత్రం చెయ్యకు, ఎందుకో కింద చెప్తా.

ఇంకో మాట, ఫోన్‌లో తెలుగు కీబోర్డ్‌తో కొడుతున్నా కాబట్టి కమాండ్లు కూడా తెలుగులోనే పడుతున్నాయ్, టెర్మినల్లో నువ్వు ఇంగ్లీషులో కొట్టుకో.

ముందు నీ కేసు తేల్చేద్దాం. నువ్వు చెప్పిన మూడు ముక్కల్లోనే జవాబు ఉంది. విండోస్ నుంచి అదే యూజర్ రాయగలుగుతున్నాడంటే సర్వర్‌కి నీ మీద ఏ కోపమూ లేదు. సుడోతో రాస్తోందంటే మౌంట్ కూడా రీడ్ ఓన్లీ కాదు. మరి ఆపేది ఎవరు? నీ లాప్‌టాపే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు అంటారే, అచ్చం అదే. సాంబా, విండోస్ షేర్లని లైనక్స్‌లో సీఐఎఫ్ఎస్ అనే రకంగా మౌంట్ చేసినప్పుడు, అవతలి సర్వర్ యూనిక్స్ ఓనర్ వివరాలు పంపకపోతే ఇక్కడి కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) సొంతంగా ఒక ఓనర్‌ని కల్పించుకుంటుంది. యూఐడీ (యూజర్ నంబర్) ఏం ఇవ్వకపోతే ఆ ఓనర్ రూట్, మోడ్ 0755. అంటే రూట్‌కి రాసే హక్కు, మిగతా అందరికీ చూసే హక్కు. నీ రిక్వెస్ట్ అసలు వైర్ మీదకే వెళ్లట్లేదు తమ్ముడూ, లాప్‌టాప్ గడప దగ్గరే ఆగిపోతోంది. 777 ఎందుకు పని చెయ్యలేదో కూడా ఇందుకే, ఆ ఓనరూ ఆ మోడూ కల్పించినవి కాబట్టి ఈ రకం మౌంట్ మీద సీహెచ్‌మాడ్, సీహెచ్‌ఓన్ (ఓనర్‌ని మార్చే కమాండ్) రెండూ సరే సరే అని తలూపుతాయ్ కానీ ఏమీ చెయ్యవు. ఎర్రర్ ఇచ్చుంటే నీకు ఒక సాయంత్రం మిగిలేది, ఈ డిజైన్ ఎవరు చేశారో కానీ నాకూ మొదట్లో రెండ్రోజులు తినేసింది.

నమ్మకం కుదరకపోతే ఒక చిన్న టెస్ట్ చెయ్. ఎస్ఎంబీక్లయింట్ అని ఒక ప్రోగ్రామ్ ఉంటుంది, లేకపోతే ఆప్ట్‌తో (ఉబుంటులో ప్రోగ్రాములు వేసే కమాండ్) వేసుకో. దాంతో సర్వర్ షేర్‌కి నీ యూజర్‌నేమ్‌తో కనెక్ట్ అయ్యి పుట్ కమాండ్‌తో ఒక చిన్న ఫైల్ పంపు. ఇది మౌంట్‌తో సంబంధం లేకుండా నేరుగా సర్వర్‌తో మాట్లాడుతుంది. పుట్ అయిందంటే తప్పు నీ మౌంట్‌లో, యాక్సెస్ డినైడ్ అందంటే తప్పు సర్వర్‌లో. సగం గొడవ ఈ ఒక్క కమాండ్‌తో తెగిపోతుంది, కానీ నేను చూసిన వాళ్లలో నూటికి తొంభైమంది ఇది చెయ్యకుండా డైరెక్టుగా సర్వర్ మీద పడి కెలుకుతారు.

సరిచెయ్యడం ఎలా అంటే, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఆ లైన్‌లో ఆప్షన్ల దగ్గర యూఐడీ=1000, జీఐడీ=1000, ఫైల్_మోడ్=0664, డిర్_మోడ్=0775 అని కామాలతో, మధ్యలో స్పేస్ లేకుండా చేర్చు. జీఐడీ అంటే గ్రూప్ నంబర్. 1000 అనేది గుడ్డిగా పెట్టొద్దు, ఐడీ అని కమాండ్ కొడితే నీ నంబర్ చూపిస్తుంది, అది పెట్టు. ఆ పాస్‌వర్డ్‌ని ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో అలా పబ్లిగ్గా పెట్టావ్ చూడు, ఆ ఫైల్ ఎవరైనా చదవొచ్చు, దాన్ని వేరే ఫైల్లో పెట్టి క్రెడెన్షియల్స్ ఆప్షన్‌తో చూపించి, ఆ ఫైల్‌కి 600 (ఓనర్‌కి మాత్రమే హక్కు) పెట్టు. తర్వాత రీమౌంట్ అని ఊరుకోకు, పూర్తిగా అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చెయ్, ఉబుంటులో మధ్యలో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ కూడా ఒకసారి కొట్టు. టార్గెట్ ఈజ్ బిజీ అందంటే కంగారు పడకు, నీ టెర్మినలే ఆ ఫోల్డర్లో కూర్చుని ఉంటుంది, సీడీ కొట్టి బయటికొస్తే దిగుతుంది. మౌంట్ అయ్యాక ఫైండ్ఎంఎన్‌టీ కొట్టి ఆప్షన్లు నిజంగా పడ్డాయా లేదా చూసుకో. ఫైల్లో రాసిందీ నడుస్తున్నదీ ఒకటే అనుకోవడం మన వృత్తిలో పెద్ద జబ్బు.

నోపెర్మ్ అని ఇంకో ఆప్షన్ ఉంది, చాలామంది అదే పెట్టమంటారు. అది పెడితే లాప్‌టాప్ చెకింగ్ మానేసి అంతా సర్వర్‌కే వదిలేస్తుంది. నువ్వొక్కడివే వాడే లాప్‌టాప్ అయితే ఫర్వాలేదు, నలుగురు లాగిన్ అయ్యే మెషీన్ అయితే ఆ నలుగురూ నీ పేరు మీద సర్వర్‌లో రాసేస్తారు, డిలీట్ కూడా చేసేస్తారు, రేపు లాగ్‌లో నీ పేరే కనపడుతుంది. అందుకే నాకు యూఐడీ పద్ధతే నచ్చుతుంది.

నీకు ఇక్కడితో అయిపోవాలి. కానీ ఈ థ్రెడ్‌లో ఇదే టైటిల్‌తో ఇంకో ముగ్గురు వాళ్ల గోడు కూడా రాశారు, వాటిలో రెండు అసలు వేరే జబ్బులు, ఒకే మందు వేసుకుంటే తగ్గవు. కాబట్టి సుడోతో కూడా రాయని వాళ్లు ఇక్కడ్నుంచి చదవండి.

మొదట ఎర్రర్‌ని అక్షరం అక్షరం చదవండి. పర్మిషన్ డినైడ్ వేరు, రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్ వేరు, డిస్క్ కోటా ఎక్సీడెడ్ వేరు. అందరూ "రైట్ అవ్వట్లేదు" అని ఒకే మాట రాస్తారు. రీడ్-ఓన్లీ అని వస్తే పర్మిషన్లతో తలబాదుకోవడం దండగ, మౌంటే చదవడానికి మాత్రమే ఉంది. సర్వర్‌లో డిస్క్ పాడవుతూ ఉంటే ఈఎక్స్‌టీ4 (లైనక్స్ డిస్క్ ఫార్మాట్) తనంతట తాను రీడ్ ఓన్లీకి మారిపోయేలా చాలా చోట్ల సెట్ చేసి ఉంటుంది, డీమెస్గ్ (కెర్నల్ సందేశాలు చూపించే కమాండ్) కొట్టి చూస్తే ఐఓ ఎర్రర్లు వరసగా కనపడతాయ్, అప్పుడు ముందు బ్యాకప్ తీసుకోండి, పర్మిషన్లు తర్వాత. ఇంకోటి, విండోస్‌లో వాడిన ఎన్‌టీఎఫ్ఎస్ డిస్క్ తెచ్చి సర్వర్‌కి తగిలిస్తే, విండోస్ ఫాస్ట్ స్టార్టప్ వల్ల పూర్తిగా షట్‌డౌన్ అవ్వకపోతే, లైనక్స్ దాన్ని రాయడానికి ఒప్పుకోదు. విండోస్‌కి తిరిగి తగిలించి ఫాస్ట్ స్టార్టప్ తీసేసి సరిగ్గా షట్‌డౌన్ చేస్తే అయిపోద్ది.

పర్మిషన్ డినైడే అయితే సర్వర్‌లోకి వెళ్లి, రూట్‌గా కాదు, ఆ యూజర్‌గా రాసి చూడండి. సుడో -యూ అని ఆ యూజర్ పేరు పెట్టి, షేర్ ఫోల్డర్లో టచ్ (ఖాళీ ఫైల్ పుట్టించే కమాండ్) కొట్టండి. రూట్‌గా టచ్ చేసి "నాకు పని చేస్తోంది" అనే అడ్మిన్లు ఎంతమందిని చూశానో, రూట్‌కి ఏ తలుపూ అడ్డం కాదు కదండీ, దాంతో ఏం తెలుస్తుంది. ఆ యూజర్‌గా సర్వర్ లోపలే రాయలేకపోతున్నాడంటే సాంబా, ఎన్ఎఫ్ఎస్ (లైనక్స్ మెషీన్ల మధ్య ఫోల్డర్లు షేర్ చేసే ఇంకో పద్ధతి) అన్నీ పక్కన పెట్టేయండి, ఇది మామూలు లైనక్స్ పర్మిషన్ల గొడవ. నేమ్ఐ -ఎల్ అని కొట్టి పాత్ మొత్తం ఇస్తే, పైనుంచి కిందిదాకా ప్రతి ఫోల్డర్ పర్మిషన్ వరసగా చూపిస్తుంది. ఎక్కువసార్లు చివరి ఫోల్డర్ బానే ఉంటుంది, మధ్యలో ఎక్కడో ఒక ఫోల్డర్ 700 ఉంటుంది, మిగతావాళ్లకి దాంట్లోంచి దాటడానికి కావాల్సిన ఎక్స్ బిట్ (లోపలికి వెళ్లే హక్కు) ఉండదు. షేర్‌ని ఎవరిదో హోమ్ ఫోల్డర్ లోపల పెట్టినప్పుడు ఇది గ్యారంటీగా వస్తుంది, ఇప్పటి ఉబుంటులో హోమ్ 750తో వస్తోంది.

గ్రూప్‌లో చేర్చాం కదా ఇంకా రావట్లేదేంటి అంటారు. గ్రూప్‌లో చేర్చిన సంగతి అప్పటికే లాగిన్ అయి ఉన్న సెషన్‌కి తెలీదు. ఐడీ అని ఉత్తినే కొడితే ఈ సెషన్‌కి ఉన్న గ్రూపులు, ఐడీ పక్కన పేరు పెట్టి కొడితే రికార్డుల్లో ఉన్న గ్రూపులు చూపిస్తుంది, రెండూ తేడాగా ఉన్నాయంటే లాగౌట్ అయి రండి. సాంబాకి కూడా అంతే, కనెక్షన్ తెగి మళ్లీ కలిస్తేనే కొత్త గ్రూప్ తెలుస్తుంది, ఎస్ఎంబీస్టేటస్‌లో ఆ యూజర్ ఇంకా పాత కనెక్షన్‌తోనే ఉన్నాడేమో చూడండి.

ఎల్ఎస్‌లో పర్మిషన్ల చివర ప్లస్ గుర్తు కనపడితే అక్కడ ఏసీఎల్ (మామూలు పర్మిషన్ల పైన అదనపు హక్కుల జాబితా) ఉంది, గెట్ఎఫ్ఏసీఎల్ కొట్టకుండా ఒక నిర్ణయానికి రాకండి. దాంట్లో మాస్క్ అని ఒక లైన్ ఉంటుంది, గ్రూప్‌కి రాసే హక్కు ఇచ్చినా మాస్క్‌లో అది లేకపోతే చెల్లదు, పక్కనే ఎఫెక్టివ్ అని అసలు మిగిలింది ఎంతో చూపిస్తుంది. ఎవరో మంచి ఉద్దేశంతో సీహెచ్‌మాడ్ 755 కొట్టి ఉంటారు, ఏసీఎల్ ఉన్న చోట ఆ మధ్య అంకె మాస్క్‌ని మార్చేస్తుంది, గ్రూపులన్నీ ఒక్కసారిగా మూగబోతాయ్.

ఇక లోపల రాస్తోంది, నెట్‌వర్క్ మీద నుంచే రావట్లేదు అంటే అప్పుడు సాంబా కాన్ఫిగ్ తెరవండి. చేత్తో చదవకుండా టెస్ట్‌పార్మ్ కొట్టండి, సాంబా అర్థం చేసుకున్నదే చూపిస్తుంది. సాంబాలో షేర్ డీఫాల్ట్‌గా రీడ్ ఓన్లీ, రీడ్ ఓన్లీ = నో అని మీరు రాస్తేనే రాయనిస్తుంది. తర్వాత రైట్ లిస్ట్ (రాసేవాళ్లు), రీడ్ లిస్ట్ (చదవడం మాత్రమే వచ్చేవాళ్లు), వ్యాలిడ్ యూజర్స్ (లోపలికి రావచ్చనేవాళ్లు) చూడండి. సాంబా సరే అన్నంత మాత్రాన చాలదు, కింద ఫోల్డర్ పర్మిషన్ కూడా సరే అనాలి, ఫోల్డర్ సరే అన్నా సాంబా వద్దంటే వద్దే, ఇద్దరూ ఒప్పుకున్నప్పుడే పెళ్లి.

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. 2019 ఎలక్షన్ల ముందు గుంటూరులో ఒక ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు వాళ్లు పిలిచారు. పాత పీసీ మీద లైనక్స్ వేసి సాంబా నడుపుతున్నారు, పగలు ముగ్గురు డిజైనర్లు, రాత్రి ఇద్దరు. పగలు వాళ్లు చేసిన ఫైల్ రాత్రి వాళ్లు తెరవగలరు, దాని మీద ఒక్కోసారి సేవ్ చెయ్యలేరు. వాళ్లేం చేశారంటే సేవ్ యాజ్ కొట్టి ఫైనల్, ఫైనల్ 2, ఫైనల్ కొత్తది, ఫైనల్ ఒరిజినల్ అని పెట్టుకుంటూ పోయారు. ఒకరోజు 20 అడుగుల ఫ్లెక్స్ పాత ఫోటోతో ప్రింట్ అయిపోయింది, అందులో ఉన్నాయన అప్పటికే పార్టీ మారాడు. అప్పుడు గుర్తొచ్చాను నేను.

వెళ్లి చూస్తే, అంతకు ముందు వచ్చిన ఎవరో క్రాన్‌లో (టైమ్ ప్రకారం కమాండ్లు తనే నడిపేది) ఐదు నిమిషాలకోసారి ఫోల్డర్ మొత్తానికి 777 కొట్టేలా పెట్టి వెళ్లాడు. లక్ష పైన ఫైళ్లు, ఒక రౌండ్ పూర్తయ్యేలోపే ఇంకో రౌండ్ మొదలు, డిస్క్ గరగరమంటోంది, వాళ్లేమో నెట్‌వర్క్ స్లో అని కొత్త స్విచ్ కొన్నారు! అసలు సంగతి ఒక ఫైల్ మీద ఎల్ఎస్ -ఎల్ కొట్టగానే కనపడింది. కొత్త ఫైల్ మోడ్ 0744, ఓనర్ పగలు డిజైనర్, గ్రూప్ కూడా అతని సొంత గ్రూపే. సాంబాలో క్రియేట్ మాస్క్ (కొత్త ఫైల్‌కి ఎంత హక్కు ఇవ్వొచ్చో ఆ హద్దు) డీఫాల్ట్ 0744, డైరెక్టరీ మాస్క్ (కొత్త ఫోల్డర్‌కి అదే హద్దు) 0755. అంటే ఎవరు సృష్టించిన ఫైల్ వాళ్లే మార్చగలరు, పక్కోడు చూడ్డమే. (ఫొటో ఫైల్‌కి ఎగ్జిక్యూట్ బిట్, అంటే ప్రోగ్రామ్‌లా నడిచే హక్కు, ఎందుకుందని అడుగుతారు, విండోస్ ఆర్కైవ్ అనే గుర్తుని సాంబా ఆ బిట్‌లో దాచుకుంటుంది, వైరస్ కాదు.) క్రాన్ ఐదు నిమిషాలకి వచ్చి సరిచేస్తుంది, ఆలోపు తెరిచినోడి ఖర్మ. అందుకే వాళ్లకి "ఒకోసారి వస్తుంది ఒకోసారి రాదు" అనిపించింది.

మందు చాలా చిన్నది. డిజైన్ అని ఒక గ్రూప్ పెట్టి ఐదుగురినీ చేర్చా, ఉన్న ఫోల్డర్లన్నిటికీ గ్రూప్ మార్చి, ఫైళ్లకి 664, ఫోల్డర్లకి 2775 పెట్టా (ఓనరూ గ్రూపూ రాయొచ్చు, మిగతావాళ్లు చూడ్డమే). ఆ ముందున్న 2 సెట్‌జీఐడీ బిట్, అది ఉంటే లోపల పుట్టే ప్రతి కొత్త ఫైల్‌కీ ఫోల్డర్ గ్రూపే వస్తుంది, సృష్టించినోడి సొంత గ్రూప్ రాదు. సాంబాలో ఆ షేర్ కింద ఫోర్స్ గ్రూప్, క్రియేట్ మాస్క్ 0664, డైరెక్టరీ మాస్క్ 2775. క్రాన్ లైన్ తీసేశా. డిస్క్ చప్పుడు ఆగిపోతే ఓనర్ గారు కంగారుపడి "సర్వర్ ఆగిపోయిందా" అన్నారు.

777 వద్దు అనడానికి కారణం ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. సెక్యూరిటీ సంగతి అటుంచు, అది ఇప్పుడున్న ఫైళ్లకే తగులుతుంది, రేపు పుట్టే ఫైళ్లు మళ్లీ పాత రూల్ ప్రకారమే పుడతాయ్. పైగా సర్వర్ మీద కొడితే ఎవరికి ఏముండేదో ఆ పాత లెక్క మొత్తం చెరిగిపోతుంది, వెనక్కి తేవడానికి అన్‌డూ లేదు. ముందు గెట్ఎఫ్ఏసీఎల్ -ఆర్‌తో మొత్తం పర్మిషన్లని ఒక ఫైల్లోకి తీసి పెట్టుకుంటే కనీసం సెట్ఎఫ్ఏసీఎల్ రీస్టోర్‌తో తిరిగి వేసుకోవచ్చు (ఆ ఆర్ క్యాపిటల్, గుర్తుపెట్టుకోండి).

ఫైల్‌కి రాసే హక్కు ఉన్నా సేవ్ అవ్వట్లేదు అనేవాళ్లు ఫోల్డర్ చూసుకోండి. చాలా ప్రోగ్రాములు పాత ఫైల్ మీద రాయవు, పక్కన ఒక టెంపరరీ ఫైల్ రాసి చివర్లో దాని పేరు మార్చి పాతదాని స్థానంలో పెడతాయ్. దానికి ఫోల్డర్లో రాసే హక్కు కావాలి. డిలీట్ కూడా అంతే, ఫైల్ పర్మిషన్‌తో పనిలేదు, ఫోల్డర్‌దే పెత్తనం.

ఫెడోరా, రెడ్‌హ్యాట్, రాకీ, ఆల్మా వాడేవాళ్లకి ఇంకో తలుపు ఎక్స్‌ట్రా ఉంటుంది, ఎస్ఈలైనక్స్. పర్మిషన్లు అన్నీ కరెక్ట్, సాంబా కరెక్ట్, అయినా డినైడ్. సెట్ఎన్‌ఫోర్స్ 0 కొట్టి ఒక్క నిమిషం రాసి చూడండి, పని చేసిందంటే దొంగ దొరికాడు, వెంటనే 1 కొట్టి తిరిగి ఆన్ చెయ్యండి. ఆఫ్ చేసి వదిలెయ్యమని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ల మాట వినొద్దు. ఎల్ఎస్ -జెడ్ కొడితే ఎస్ఈలైనక్స్ ఆ ఫోల్డర్‌కి తగిలించిన లేబుల్ కనపడుతుంది, షేర్‌కి సాంబా_షేర్_టీ ఉండాలి. హోమ్‌లో తయారు చేసిన ఫోల్డర్‌ని ఎంవీ కమాండ్‌తో జరిపి ఎస్ఆర్‌వీ అనే ఫోల్డర్ కిందకి తెస్తే పాత హోమ్ లేబుల్‌ని వెంట తెచ్చుకుంటుంది, అదే సీపీతో కాపీ చేస్తే కొత్త చోటి లేబుల్ వస్తుంది, ఈ తేడా తెలీక నేను ఒక రాత్రంతా కూర్చున్నా. సెమానేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌తో రూల్ రాసి రీస్టోర్‌కాన్ కొడితే పర్మనెంట్‌గా నిలబడుతుంది. ఉబుంటు సర్వర్లలో మామూలుగా ఇది ఉండదు కాబట్టి మీరు ఈ పేరా వదిలెయ్యొచ్చు.

ఎన్ఎఫ్ఎస్ గురించి అడిగినాయనకి: మీది తమ్ముడి కేసుకి పూర్తి రివర్స్. అక్కడ సుడోతో రాస్తుంది మామూలుగా రాయదు, మీకు మామూలు యూజర్‌గా కొన్ని చోట్ల రాస్తుంది, సుడో పెడితే అస్సలు రాదు. ఎన్ఎఫ్ఎస్‌లో రూట్ స్క్వాష్ డీఫాల్ట్‌గా ఆన్. క్లయింట్‌లో మీరు రూట్ అయినా సర్వర్ దగ్గరికి వెళ్లేసరికి నోబడీ అయిపోతారు, మామూలుగా నంబర్ 65534. ఇది జబ్బు కాదు, రక్షణ. నో_రూట్_స్క్వాష్ పెట్టేయాలనిపిస్తుంది, పెట్టకండి, ఆ నెట్‌వర్క్‌లో లాప్‌టాప్ మీద రూట్ ఉన్న ప్రతివాడూ మీ షేర్ మీద రూట్ అవుతాడు.

ఎన్ఎఫ్ఎస్‌కి మామూలు సెట్టింగ్‌లో పేర్లతో పని లేదు, నంబర్లే. సెంట్ఓఎస్ 6 దాకా మామూలు యూజర్లు 500 నుంచి మొదలయ్యేవాళ్లు, 7 నుంచి 1000. మ్యాక్‌లో మొదటి యూజర్ 501. మీరు పాత సర్వర్, కొత్త ఉబుంటు క్లయింట్ అన్నారు కదా, సర్వర్‌లో రవి 500, లాప్‌టాప్‌లో రవి 1000 అయ్యుంటాడు, సర్వర్‌కి వాళ్లిద్దరూ వేరే మనుషులు. రెండు వైపులా ఐడీ కొట్టి నంబర్లు పోల్చండి. ఇద్దరు ముగ్గురు యూజర్లయితే నంబర్లు మార్చి ఒకటి చెయ్యండి, అందరూ ఒకే పేరు మీద రాస్తే చాలు అనుకుంటే ఆల్_స్క్వాష్ పెట్టి అనాన్‌యూఐడీ, అనాన్‌జీఐడీ ఇవ్వండి. చాలా గ్రూపుల్లో ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు, ఈ పద్ధతిలో వైర్ మీద 16 గ్రూపులే వెళ్తాయ్, పదిహేడో గ్రూప్ వల్ల రావాల్సిన హక్కు రాదు. సర్వర్‌లో మౌంట్‌డీకి (ఎన్ఎఫ్ఎస్ మౌంట్లు చూసుకునే ప్రోగ్రామ్) మేనేజ్-జీఐడీస్ ఆన్ చేస్తే గ్రూపులు సర్వర్ తనే చూసుకుంటుంది.

ఎక్స్‌పోర్ట్స్ ఫైల్ (ఏ ఫోల్డర్ ఎవరికి ఇవ్వాలో ఎన్ఎఫ్ఎస్ సర్వర్‌లో రాసేది) కూడా ఒకసారి భూతద్దం పెట్టి చూడండి. ఐపీ అడ్రస్‌కీ బ్రాకెట్‌లో ఉన్న ఆర్‌డబ్ల్యూకీ మధ్య ఒక్క స్పేస్ పడితే అర్థమే మారిపోతుంది. స్పేస్ లేకపోతే ఆ మెషీన్‌కి రాసే హక్కు. స్పేస్ ఉంటే ఆ మెషీన్‌కి డీఫాల్ట్, అంటే చదవడం మాత్రమే, ఆ బ్రాకెట్ ఏమో మిగతా ప్రపంచం మొత్తానికి! మీ వాడికి రాయడం రాదు, ఊళ్లో వాళ్లందరికీ వస్తుంది. మార్చాక ఎక్స్‌పోర్ట్ఎఫ్ఎస్ -ఆర్ఏ, తర్వాత -వీ కొట్టి ఏం అమల్లో ఉందో చదవండి.

తమ్ముడూ, నువ్వు యూఐడీ పెట్టి మళ్లీ మౌంట్ చేసి చూడు. అప్పటికీ రాకపోతే ఫైండ్ఎంఎన్‌టీ లైన్, ఐడీ అవుట్‌పుట్, ఎస్ఎంబీక్లయింట్ పుట్‌కి వచ్చిన జవాబు, మూడూ ఇక్కడ పెట్టు. స్క్రీన్‌షాట్ వద్దు, టెక్స్ట్ పెట్టు, ఎఫ్ఎస్‌ట్యాబ్ లైన్ పెడితే పాస్‌వర్డ్ తీసేసి పెట్టు. రాత్రి డ్యూటీ అయ్యాక చూస్తా.